మూడు దెబ్బల పిలుపు

సింగపూర్‌లోని యూ టీ పేటలో ఉంటున్న మారయ్యది శ్రీకాకుళం జిల్లా భావనపాడు. చేపల వేట చేసే ఇంట్లో పుట్టినవాడు అక్కడికి వచ్చి, డాల్ఫిన్లను ఆడించే ఒక పార్కులో పద్దెనిమిదేళ్లుగా నీళ్లు పరీక్షిస్తున్నాడు. రోజూ పొద్దున్నే కొలను నీళ్లు సీసాలో పట్టి ఉప్పు ఎంతుందో చూడాలి. సముద్రం ఒళ్లో పెరిగినవాడికి సముద్రాన్ని సీసాలో చూసే ఉద్యోగం! పొట్ట తిప్పలు ఎవరిని ఎక్కడ నిలబెడతాయో ఎవరు చెప్పగలరు.

పడవ నీళ్లలోకి దించే ముందు అతని తండ్రి అంచు చెక్క మీద వేళ్లతో మూడుసార్లు కొట్టేవాడు. అదే అలవాటుగా మారయ్య కొలను రెయిలింగ్ మీద కొట్టేవాడు. కొన్నాళ్లకు ఆ చప్పుడు విని ఒక ఆడ డాల్ఫిన్ గట్టు దగ్గరికి రావడం మొదలుపెట్టింది. శిక్షకుల ఈలకు వస్తే చేప దొరుకుతుంది. మారయ్య దగ్గర ఏమీ దొరకదు, అతను మేత పెట్టకూడదు. అయినా వచ్చేది, తల పైకెత్తి చూసేది. దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టుకున్నాడు. పసిదిగా ఉన్నప్పుడే సముద్రంలోంచి పట్టి తెచ్చారట దాన్ని.

"వలల్లేవు, ఆకల్లేదు, డాక్టరున్నాడు. దానికేటి లోటు?" అని ఇంట్లో అంటూ ఉండేవాడు. ఒకరోజు, సింగపూర్ ఇంగ్లిషు యాస కలిపి మాట్లాడే కూతురు కీర్తిక ఊరుకోలేదు.

"నీక్కూడా ఇక్కడ అన్నీ ఉన్నాయి లాహ్, నాన్నా. దెన్ వై యూ ఆల్వేస్ క్రై ఫర్ భావనపాడు?"

ఆ మాట మారయ్యకు తగిలింది. నిజమే. సెలవు దొరికితే తను విమానమెక్కి వెళ్లి ఆ అలల్లో మునిగి వస్తాడు. బుజ్జమ్మకు ఆ సెలవు ఎవరిస్తారు? అప్పట్నుంచి దాన్ని చూసినప్పుడల్లా మారయ్యకు బెంగ రెండింతలయ్యేది. ఒకటి తనది, ఒకటి దానిది.

పోయిన ఏడాది దాన్ని వేరే దేశపు పార్కుకు పంపాలనుకున్నారు. ఎత్తుకెళ్లడానికి కట్టిన చిన్న కొలనులోకి అది రానే రాలేదు. ఈలలు వేశారు, చేపలు చూపించారు. మూడో రోజు మేనేజరు మారయ్యను పిలిచి, "నువ్వు కొడితే వస్తుంది" అన్నాడు.

వలలో డాల్ఫిన్ చిక్కితే, కొత్త వలైనా సరే కోసి వదిలేసిన తండ్రి గుర్తొచ్చాడు. మారయ్య చిన్న కొలను గట్టు మీద నిలబడ్డాడు గానీ చెయ్యెత్తలేదు. చేతులు కట్టుకుని, రావద్దే తల్లీ అని లోపల్లోపలే బతిమాలుకున్నాడు.

బుజ్జమ్మ అతన్ని చూసింది. చప్పుడు లేకపోయినా గేటు దాటి వచ్చేసి, ఎప్పటిలాగే తల పైకెత్తింది. వెనక గేటు మూసేశారు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో మారయ్యకు ఆ రోజు తెలిసింది.

ఈ వేసవిలో ఊరు వెళ్లాడు. తమ్ముడు పడవ దించబోతూ, "అయ్యలాగ మూడు దెబ్బలు నువ్వే కొట్టన్నా" అన్నాడు. మారయ్య ఎదురుగా ఉన్న సముద్రాన్ని చూశాడు. ఇన్నేళ్లూ కలవరించిన నీళ్లే. చెయ్యి మాత్రం లేవలేదు.

"వద్దురా. నాను కొడితే, నీళ్లలోవి నమ్మి వచ్చీస్తాయి."