మెషిన్ లోపలి చీటీ

మెట్ల కింద గది అంటే చాలామందికి చీపుర్లు, పాత సైకిళ్ళు గుర్తొస్తాయి. ఆ ముప్ఫై రెండు ఇళ్ళ బిల్డింగులో మాత్రం మెట్ల కింద గది అంటే పానా పిన్ని. ఆవిడ అసలు పేరు ఏమిటో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని ఫ్యాన్లు, మిక్సీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు బాగుచేస్తోంది. నిలబడితే పైనున్న మెట్టు నెత్తికి తగులుతుంది మరి! కొత్తగా ఇంట్లో దిగినవాళ్ళు నెత్తి మీద బొప్పి కట్టించుకున్నాకే ఆవిడకి పరిచయమవుతారు.

పని నేర్పింది వాళ్ళ నాన్న. ఆయన మోటార్లకి రాగి తీగ చుట్టేవాడు. ఆడపిల్లకి ఈ స్క్రూడ్రైవర్లేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకుంటే, ఆయన నవ్వి కూతురి చేతిలో ఇంకో పానా పెట్టాడు. పెళ్ళయిన వారానికే ఆవిడ అత్తగారింట్లో మూలుగుతున్న ఫ్యాను విప్పి బిగించింది. సిటీ బస్సు డ్రైవరైన మొగుడు ఆ ముచ్చట ఈనాటికీ కనిపించినవాడికల్లా చెబుతాడు. రిటైరయ్యాక ఆయనకి రెండే పనులు. పెళ్ళానికి గంటకోసారి టీ అందించడం, ఆ ఫ్యాను కథ మళ్ళీ చెప్పడం.

పిన్నికి రెండు అలవాట్లున్నాయి. వస్తువు ఎవరిదైనా సరే, పానా ముట్టుకునే ముందు వాళ్ళని కూర్చోబెట్టి, "ముందు చెప్పండి, ఏం చేసింది?" అని అడుగుతుంది. సగం జబ్బు ఆ మాటల్లోనే బయటపడుతుంది. రెండోది నాన్న నుంచి వచ్చిన అలవాటు. పని అయిపోయి మూత బిగించే ముందు లోపల ఒక చీటీ అంటిస్తుంది. "తర్వాత విప్పేవాళ్ళకి" అని మొదలుపెట్టి, ఏం మార్చిందో, ఏ మర మెత్తబడిందో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో రాస్తుంది. ఒకసారి ఎవరిదో పాత మోటారు విప్పితే లోపల నాన్న రాసిన చీటీ కనిపించింది. ఆ రోజు ఇంకేమీ విప్పలేదు. చీటీ చేత్తో పట్టుకుని కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది.

ఇలాంటి మనిషికి ఎసరు పెట్టింది ఎవరో శత్రువు కాదండీ, పాపం సెక్రటరీ. మంచివాడే. కానీ కొత్త వస్తువు కనిపిస్తే ఒళ్ళు మరిచిపోతాడు. బిల్డింగు తరఫున కింద హాల్లో ఆరు స్మార్ట్ వాషింగ్ మెషిన్లు పెట్టించి, వాటిని ఆకాశానికెత్తేశాడు. ఫోన్లో నొక్కితే ఉతుకుతాయి, ఫోన్లో నొక్కితే తలుపు తీస్తాయి. పాడైతే కంపెనీయే ఫోన్లో చూసి మనిషిని పంపుతుంది. అంతా నెట్! ఇక ఇంటి మెకానిక్ ఎందుకు? మెట్ల కింద గది ఖాళీ చేయిస్తే నెట్ పెట్టెలు, పార్సిళ్ళు పెట్టుకోవచ్చు. ఆదివారం పదకొండు గంటలకు, ఆ మెషిన్ల హాల్లోనే మీటింగు. అందరూ చేతులెత్తితే గది పోయినట్టే.

సంగతి చెప్పినప్పుడు పిన్ని, "అలాగే నాయనా," అని లోపలికెళ్ళింది. టీ తెచ్చిన మొగుడు చూస్తే, అరగంట నుంచి ఒకటే స్క్రూ తుడుస్తోంది.

"ఏంటే, అది బంగారమా?"

"కాదండీ. ఇక్కణ్ణుంచి పొమ్మంటే నేనెక్కడికి పోతాను? నాకు ఇంకేమీ రాదు," అంది.  జోకులేసే మనిషి టీ గ్లాసు పక్కన పెట్టి, తనూ ఒక స్క్రూ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

ఆదివారం వచ్చింది. పొద్దున తొమ్మిదికల్లా సెక్రటరీ హడావిడి మొదలైంది. మెషిన్‌లో ఎన్ని బట్టలు పడతాయో మీటింగులో అందరికీ చూపించాలని, తన ప్యాంట్లన్నీ తెచ్చి ఒకటో నంబరు మెషిన్లో కుక్కాడు. అన్నీ అంటే అన్నీ! తువ్వాలు కట్టుకుని మరీ కిందికి దిగాడు. మిగతా అయిదింటిలో జనం బట్టలు వేశారు. మూడో అంతస్తు నర్సమ్మ మధ్యాహ్నం డ్యూటీకని యూనిఫాం వేసింది. ఆరూ గిర్రున తిరుగుతున్నాయి.

తొమ్మిదిన్నరకి బయట రోడ్డు తవ్వేవాళ్ళు కేబుల్ తెంచేశారు. నెట్ పోయింది. మెషిన్లు నీళ్ళతో, బట్టలతో అలాగే ఆగిపోయాయి. తలుపులు బిగుసుకుపోయాయి. సెక్రటరీ ఫోన్ నొక్కాడు, ఊపాడు, కిటికీ దగ్గరికెళ్ళి ఎత్తిపట్టుకున్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే అటువైపు అమ్మాయి తియ్యగా, "మీ మెషిన్‌ని నెట్‌కి కలిపి, యాప్‌లో కంప్లయింట్ పెట్టండి సార్," అంది.

"అమ్మా, నెట్ లేదనేగా చెబుతున్నాను!"

"నెట్ రాగానే పెట్టండి సార్. ఇంకేమైనా సాయం కావాలా?"

"ప్యాంటు కావాలి తల్లీ!" అని అరిచి, తువ్వాలు గట్టిగా పట్టుకున్నాడు.

నర్సమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "యూనిఫాం లేకపోతే వార్డులోకి రానివ్వరు పిన్నీ," అంటూ మెట్ల కింద గదికి పరుగెత్తింది. పిన్ని లేచింది. రేపటి నుంచి తనది కాని గదిలోంచి పానాల సంచీ తీసుకుంది. ఒక్క క్షణం ఆగిందా అంటే ఆగలేదు.

హాల్లోకి వచ్చి సెక్రటరీని పీట మీద కూర్చోబెట్టింది. "ముందు చెప్పు నాయనా, ఏం చేసింది?"

చెబుతూ చెబుతూ సెక్రటరీ నాలుక కరుచుకున్నాడు. పిల్లలు బటన్లు నొక్కి ఆడుకుంటారని భయపడి, పెట్టించిన రోజే అన్నిటినీ ఫోన్ మాట మాత్రమే వినేట్టు మార్చేశాడట. చాలదన్నట్టు బటన్ల మీద బ్రౌన్ టేపు కూడా వేశాడు. మెషిన్లతో వచ్చిన పుస్తకం ఉందా అని పిన్ని అడిగితే తెచ్చిచ్చాడు. దాని ప్లాస్టిక్ కవరైనా చింపలేదు.

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టింది. కరెంటు తీసేసింది. నర్సమ్మ బట్టలున్న మెషిన్ కింద అరచేయంత చిన్న తలుపు తెరిచి, లోపలి గొట్టంతో నీళ్ళు బేసిన్‌లోకి వదిలింది. పక్కనే వేలాడే చిన్న తాడు లాగింది. టక్కున పెద్ద తలుపు తెరుచుకుంది. నర్సమ్మ గంతేసింది. తర్వాత పిన్ని టేపు పీకి, మళ్ళీ కరెంటిచ్చి, రెండు బటన్లు కలిపి నొక్కిపట్టుకుంది. దీపాలు వెలిగాయి. నెట్ లేదు, ఫోన్ లేదు, మెషిన్ మాత్రం హాయిగా తిరిగింది. గంటలో ఆరూ దారికొచ్చాయి. ప్రతిదాని చిన్న తలుపు మూసే ముందు ఒక చీటీ రాసి లోపల అంటించింది. ఒకటో నంబరు దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు రాసింది.

పదకొండయింది. అందరూ కుర్చీలు వేసుకున్నారు. ప్యాంట్లన్నీ తీగ మీద నీళ్ళోడుతున్నాయి కాబట్టి సెక్రటరీకి పిన్ని మొగుడు తన పాత డ్రైవరు యూనిఫాం ప్యాంటు ఇచ్చాడు. అది చీలమండల పైకే ఉండిపోయింది. వెనక నుంచి ఎవరో, "ముందుకు జరగండి, ముందుకు జరగండి!" అని బస్సు కేక వేశారు. జనం పగలబడి నవ్వారు.

"ఇంతకీ తప్పేంటి పిన్నీ?" అని ఎవరో అడిగారు.

"కేబుల్ తెగింది కదా," అని ఊరుకుంది పిన్ని. సెక్రటరీ తల వంచుకున్నాడు.

"అసలు వీటికి నెట్ కావాలా వద్దా?"

"గుడ్డలకి కావాల్సింది నీళ్ళు, సబ్బు, కరెంటు. నెట్ ఉంటే మంచిదే, ఉతకడం అయిపోయిందని కబురు చెబుతుంది. కబురు కోసం పెట్టుకోండి. తలుపు తాళం మాత్రం దాని చేతికివ్వకండి."

సెక్రటరీ లేచాడు. ఆ తాడు ఎక్కడుందో అందరికీ చూపిస్తానని ఒకటో నంబరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని చిన్న తలుపు తెరిచాడు. లోపల చీటీ కనిపించింది. ఊడదీసి తనలో తాను చదవబోయి, మళ్ళీ మొదటి నుంచి అందరికీ వినపడేట్టు చదివాడు.

"తర్వాత విప్పేవాళ్ళకి: దీనికి జబ్బేమీ లేదు. బటన్ల మీద టేపు తీశాను. ఊగితే ఎడమ వెనక కాలి కింద అట్టముక్క పెట్టు, ఇక్కడ నేల పల్లం. అయిదో అంతస్తు మామ్మగారు దిగలేరు, బట్టలు అయిపోగానే నువ్వే పైకి తీసుకెళ్ళి ఇవ్వు. సెక్రటరీ మంచివాడు, కొత్త వస్తువంటే పడి చస్తాడు, కోప్పడకు. రేపటి నుంచి నేను ఇక్కడ ఉండను. వీటిని బాగా చూసుకో."

 సెక్రటరీ చీటీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఆ టేపు వేసింది నేనే," అన్నాడు. "పిన్నిగారు నా పరువు కాపాడారు. నేను ఆవిడ గది లాక్కోబోయాను. నాకు సిగ్గుగా ఉంది. గది ఆవిడదే అనేవాళ్ళు చేతులెత్తండి."

హాల్లో ఉన్నవాళ్ళందరి చేతులూ లేచాయి. నర్సమ్మ రెండు చేతులూ ఎత్తింది. పిన్ని మొగుడు ఇదే అదనని పక్కవాళ్ళకి ఫ్యాను కథ మొదలుపెట్టాడు.

పిన్ని కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. "ఆ చీటీ ఇటివ్వు నాయనా. తప్పు రాశాను."

జేబులోంచి పెన్సిల్ తీసింది. "రేపటి నుంచి నేను ఇక్కడ ఉండను" అన్న వాక్యం కొట్టేసింది. తర్వాత పైన "తర్వాత విప్పేవాళ్ళకి" అన్నది కూడా కొట్టేసి, దాని మీద "నాకే" అని రాసి, మళ్ళీ లోపల అంటించి చిన్న తలుపు మూసేసింది.