బీడీ మానేశాక పోయిన రెండు వేళ్ళు

పట్టుచీర కొంగు దగ్గరికొచ్చిన రోజు అది. కొంగు నేసేటప్పుడు మధ్యలో లేవడం నాకు ఇష్టం ఉండదు. గుంటమగ్గంలో కూర్చుని తొక్కుతుంటే ఎడమ పాదం అడుగున ఎవరో తాడు బిగించినట్లు పట్టేసింది. కాలు పైకి తీసి చూసుకున్నాను. కుడి పాదం మామూలుగా ఉంది. ఎడమది పాలిపోయి ఉంది, ముట్టుకుంటే చల్లగా ఉంది. ధర్మవరంలో అప్పుడు ఎండలు మండిపోతున్నాయి.

బయటికి వచ్చి అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాను. మా పనిలో మగ్గం దగ్గర ఎవరూ బీడీ తాగరు. నిప్పురవ్వ పడితే పట్టు పాడైపోతుంది, వాసన పట్టినా షావుకారు చీర వెనక్కి కొడతాడు. అందువల్ల బీడీ అంటే మాకు లేచి బయటికి రావడం, నడుం చాపడం, కాళ్ళకు కాస్త విశ్రాంతి. ఆ రోజు కూడా నొప్పి తగ్గింది. బీడీ వల్లే తగ్గిందనుకున్నాను. ఆ తర్వాత నెలల తరబడి నొప్పి వచ్చినప్పుడల్లా అదే మందు వాడాను.

మొదట చూపించుకున్నది మా ఊళ్ళోనే. ఆ డాక్టరు నా కాలి వైపు చూడనైనా చూడకుండా, "మగ్గం మీద కూర్చునేవాళ్ళందరికీ ఇంతేనప్పా, నడుములో నరం నొక్కుకుంటాది" అన్నాడు. విటమిన్ మాత్రలు రాశాడు. నా చొక్కా జేబులో బీడీ కట్ట పైకి కనబడుతూనే ఉంది. తాగుతావా అని అడగలేదు. తర్వాత హిందూపురంలో ఎముకల డాక్టరు. ఆయన ఎక్స్‌రే తీయించాడు, ఎమ్మారై తీయించాడు, డిస్క్ కొంచెం బల్జ్ అయిందన్నాడు. ఆయనా అడగలేదు. ఇద్దరి పేర్లూ నాకు గుర్తున్నాయి. రాయొద్దని నా భార్య సరస్వతి అంటే రాయడం లేదు.

ఇంతలో ఎడమ కాలి చిటికెన వేలికి చిన్న దెబ్బ తగిలింది. గోరు తీసుకుంటుంటే అయిన గాయం. మామూలుగా అయితే నాలుగు రోజుల్లో మానాలి. అది మానలేదు, చుట్టూ నల్లబడింది. పడుకుంటే నొప్పి, కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త నయం. అలా కూర్చునే నిద్రపోయేవాణ్ణి.

అప్పుడు నా బామ్మర్ది శీనా నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. శీనాది పెనుకొండ. అక్కడి కార్ల విడిభాగాల కంపెనీలో సూపర్‌వైజరు. బెంగుళూరు నుంచి వారానికొకసారి హిందూపురం వచ్చే వాస్కులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టరు, ఉన్నారని కనుక్కున్నది అతనే. ఆ మేలు నేను కాదనను. తర్వాత అతను చేసినదీ మరిచిపోను.

ఆ సర్జన్ నా కాలు ముట్టుకోక ముందే చేతివేళ్ళు చూశారు. "బీడీలా, సిగరెట్లా?" అన్నారు. అన్ని నెలల తర్వాత ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. తర్వాత చీలమండ దగ్గర రక్తం పారే శబ్దం వినిపించే డాప్లర్ పెట్టారు. కుడి కాలికి గుర్రుమని శబ్దం వచ్చింది. ఎడమ కాలికి ఏమీ రాలేదు. యాంజియోగ్రామ్ చేయించి చెప్పారు:

"బర్జర్స్ డిసీజ్. పొగాకు వల్ల కాళ్ళలో సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. మీ నాళాలకు స్టెంట్ వేయలేం, బైపాస్ చేయలేం. పొగాకు మానితే కాలు ఉంటుంది. మానకపోతే ముందు వేళ్ళు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింది వరకు."

నేతగాడికి పాదం లేకపోతే ఏముంటుంది? మగ్గం తొక్కాల్సింది దాంతోనే. శీనాయే అడిగాడు, "నమిలే గమ్ ఏదో ఉంటాది కదా సార్?"

"వేరే వాళ్ళకు మంచిదే. ఈ జబ్బుకు వద్దు, అందులోనూ నికోటిన్ ఉంటుంది. నో నికోటిన్ ఇన్ ఎనీ ఫామ్. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ, ఏదీ వద్దు."

ఆ నాలుగు పేర్లూ ఆయన అదే వరుసలో చెప్పారు. గుర్తుపెట్టుకోండి, దీని గురించి మళ్ళీ రాస్తాను.

బీడీ మానడానికి నాకు రాసిన మాత్ర పేరు వరెనిక్లిన్. మొదటి వారం మాత్ర వేసుకుంటూ బీడీ తాగవచ్చు, ఆ తర్వాత ఒక రోజు పెట్టుకుని పూర్తిగా మానేయాలి. మాత్ర వేసుకున్న గంటకు కడుపులో తిప్పేది. అన్నం తిన్నాకే వేసుకోమన్నారు, అప్పుడు కొంత తగ్గింది. రంగురంగుల కలలు వచ్చేవి. కలలో బీడీ తాగి, లేచాక కూడా తాగేశాననే భయంతో నోరు వాసన చూసుకునేవాణ్ణి. కానీ మాత్ర పనిచేసింది. నాలుగో రోజుకే బీడీ తడి గడ్డి కాల్చినట్లు చప్పగా అయిపోయింది.

ఆ వారంలోనే పెనుకొండలో శీనా కూతురి నామకరణం. కుంటుకుంటూ వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో నా కాలి సంగతి అడిగారు. నేను చెప్పేలోపే శీనా అందుకున్నాడు: "మా బావ కాలైనా ఇడుస్తాడు గానీ బీడీ ఇడవడప్పా!"

పంక్తి అంతా నవ్వింది. వడ్డించేవాడు కూడా నవ్వాడు. సరస్వతి తల వంచుకుంది. నేను చేయి కడుక్కుని లేచిపోయాను. మరునాడే జేబులో ఉన్న కట్టను ధర్మవరం స్టేషన్ దగ్గర మురుగుకాలవలో పారేశాను. మనోబలం అని పుస్తకాల్లో రాస్తారు. నాకు మనోబలం ఇచ్చింది ఆ నవ్వు. తాగాలనిపించినప్పుడల్లా ఆ పంక్తిలో కూర్చున్న ఒక్కొక్కరి ముఖం గుర్తు తెచ్చుకునేవాణ్ణి. ముఖాలు అయిపోయేలోపు యావ తగ్గేది.

కష్టమైంది మగ్గం దగ్గర. అందరూ బయటికి లేచినప్పుడు నేనూ లేచి, ఖాళీ చేతులతో అరుగు మీద నిలబడేవాణ్ణి. "ఏమప్పా, ఊరికే గాలి తాగుతాండావా? అది కూడా మాకు మిగలనీవా?" అనేవాళ్ళు పక్క మగ్గాలవాళ్ళు. పొగ నా వైపు ఊదేవాళ్ళు. అయినా ఒక్క దమ్ము పీల్చలేదు.

గాయానికి డ్రెస్సింగ్ కోసం తరచూ హిందూపురం వెళ్ళాలి, మగ్గం కొన్నాళ్ళు ఎక్కొద్దన్నారు. దారిలోనే ఉందని పెనుకొండలో అత్తగారింట్లో ఉన్నాం. అక్కడ నాకు పంటి నొప్పి మొదలైంది. బీడీ మానాక చిగుళ్ళ నుంచి రక్తం కారేది, దవడ పన్ను లాగేది. మా అత్త చూడలేక తన రేకు డబ్బీ తెచ్చి ఇచ్చింది.

"రవ్వంత రుద్దుకో అల్లుడా. నొప్పి యాడిదాడ పోతాది. నేను పెండ్లికి ముందునుంచి రుద్దుతాండా, నా పండ్లు సూడు."

అది నశ్యం. మా వైపు పెద్దవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు దాన్ని చిగుళ్ళకు రుద్దుకుంటారు. నొప్పి నిజంగానే పోయింది. మనసు కూడా నిమ్మళించింది. పొద్దున, భోజనమయ్యాక, సాయంత్రం, ఇంకా మధ్యమధ్యలో రుద్దుకోవడం అలవాటైంది. దాపరికమేమీ లేదు, అందరి ముందే రుద్దుకున్నాను. నశ్యం పొగాకుతో చేస్తారని తెలియదా అంటే తెలుసు. ఉప్పు సముద్రంలోంచి వస్తుందని తెలిసినట్లు తెలుసు. అన్నంలో వేసుకునేటప్పుడు సముద్రం ఎవరికి గుర్తొస్తుంది? ఆ ఇంట్లో అది పళ్ళపొడి పక్కన ఉండే వస్తువు.

గాయం మానలేదు. పక్క వేలు కూడా రంగు మారింది. సర్జన్ కట్టు విప్పి చూసి, "మీరు మానలేదు" అన్నారు.

"మానేసినాను సార్. నామకరణం మరుసటి రోజు నుంచి ఒక్కటి కూడా తాగల్యా."

ఆయన వాదించలేదు. కోటినైన్ అని యూరిన్ టెస్ట్ రాశారు. ఒంట్లో నికోటిన్ ఉందో లేదో అందులో తెలుస్తుంది. పాజిటివ్ వచ్చింది. "చూడండి, మీరు నాతో అబద్ధం చెప్పొచ్చు, కాలితో చెప్పలేరు" అన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేట్టు అన్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో నేను దొంగనయ్యాను. శీనా నా చొక్కాలు వాసన చూశాడు. బాత్రూము వెంటిలేటరు మీద చేయి పెట్టి వెతికాడు. "ఎక్కడ పెట్టినావో చెప్పు బావా, నేనేమీ అననులే" అన్నాడు, అన్నీ అనేశాక. అది భరించాను. ఒకరోజు సరస్వతి తలుపు వేసి, "నా మీద ఒట్టేసి చెప్పు, తాగుతాండావా?" అని అడిగింది. తాగడం లేదని ఒట్టేశాను. ఆమె నమ్మలేదు. నమ్మనట్లు కనబడకుండా ఉండాలని ప్రయత్నించింది, అదే ఇంకా బాధ.

నేను మళ్ళీ ఆసుపత్రికి పోనన్నాను. అబద్ధాలకోరని అన్నవాడి ముందు కాలు చాపనన్నాను. సరస్వతిని తీసుకుని ధర్మవరం వచ్చేశాను. వచ్చేటప్పుడు అత్త ఇంకో డబ్బీ చేతిలో పెట్టింది.

తర్వాత జ్వరం వచ్చింది. రెండు వేళ్ళూ బొగ్గులా అయ్యాయి. వాసన వచ్చేది. సరస్వతి ఆటో పిలిపించి, ఇద్దరు మనుషులతో నన్ను ఎత్తించి హిందూపురం తీసుకెళ్ళింది. గాంగ్రీన్ అన్నారు. చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. పాదం నిలుస్తుందో లేదో గాయం మానేదాన్ని బట్టి చెప్తామన్నారు.

ఆపరేషన్ తర్వాత మా అత్త చూడటానికి వచ్చింది. నేను అలవాటుగా డబ్బీ తీసి వేలితో పంటికి రుద్దుకుంటున్నాను. అప్పుడే సర్జన్ రౌండ్స్‌కు వచ్చారు.

"ఏమిటది?"

"పంటికి సార్."

డబ్బీ తీసుకుని మూత తీశారు. వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకుని గట్టిగా తుమ్మారు. తర్వాత మెల్లగా అడిగారు, "ఎన్నాళ్ళ నుంచి?"

"బీడీ మానినప్పటినుంచి."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. డాక్టరు రోగి మంచం మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఇది పొగాకేనయ్యా. చిగుళ్ళ నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది. ఏ రూపంలోనూ వద్దని చెప్పాను కదా?"

"బీడీ, సిగరెట్టు, గుట్కా, ఖైనీ అని చెప్పినారు సార్. నశ్యం అనల్యా."

డబ్బీకి మూత పెట్టి, "అవును, అనలేదు" అన్నారు. దాన్ని క్షమాపణ అనుకోవాలా వద్దా నాకింకా తేలలేదు. నాకు దక్కింది ఆ రెండు మాటలే.

మా అత్త గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "నేనా అల్లుడా, నేనే ఇచ్చినానా?" అంది. నాకు ఎవరేమన్నా ఏళ్ళ తరబడి గుర్తుంటుంది, ఆ సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. ఆమె మీద మాత్రం కోపం రాలేదు. పంటి నొప్పికి మందు అడగకుండానే ఇచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

నశ్యం మానడం బీడీ కంటే కష్టమైంది. అదే మాత్ర మళ్ళీ మొదటినుంచి వేసుకున్నాను. ఈసారి తలచుకోవడానికి పంక్తిలో ముఖాలు సరిపోలేదు. లేని వేళ్ళ చోట మంట పుట్టేది, దాన్ని తలచుకున్నాను. పన్ను పీకించేశాను. కాలి పుండు నెమ్మదిగా పూడింది. పాదం నిలిచింది.

ఇప్పుడు ధర్మవరంలోనే ఉన్నాను. ఎడమ కాలితో బలంగా తొక్కలేను, ఎక్కువ పని కుడి కాలితోనే. ఒక చీర దిగడానికి ముందుకంటే చాలా ఎక్కువ రోజులు పడుతోంది. చలికాలం రెండు జతల సాక్సులు వేసుకుంటాను. పోయినసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు, ఆయన వద్దన్నా పట్టుబట్టి కోటినైన్ టెస్ట్ మళ్ళీ చేయించుకున్నాను. నెగటివ్. ఆ రిపోర్టు ఫొటో తీసి శీనాకు వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.

బీడీ మానాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. "మానేశావా?" అని డాక్టరు అడిగితే అవుననో కాదనో చెప్పి ఊరుకోవద్దు. నోట్లో, ముక్కులో, చిగుళ్ళ మీద మీరు పెట్టుకునే ప్రతిదీ, వక్కాకు నుంచి పళ్ళపొడి దాకా, సంచీలో వేసుకుని పోయి ఆయన బల్ల మీద పెట్టండి. ఇందులో నికోటిన్ ఉందా అని ఒక్కొక్కటీ చూపించి అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇంకేం వాడుతున్నావని నన్ను ఎవరూ అడగలేదు. మిమ్మల్నీ అడగకపోవచ్చు. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు, నా రెండు వేళ్ళూ అలా ఆగే పోయాయి.