ల్యాబ్ తలుపు ముందు మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిందని మొన్న మా ఆయన తొర్రూరు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను జనగామల, పాపకు బడికి టిఫిన్ డబ్బ కడుతున్న. "ఎవలు చెప్పిండ్రు?" అని అడిగిన. "చెప్పుడేంది, నా చేతులల్లనే పోయింది" అన్నడు. అప్పుడుగాని నేనేం అడిగిన్నో నాకు సమజ్ కాలే. ఏ ముచ్చట విన్నా ముందుగాల గదే అడుగుడు ఆమె అలవాటు. ఇన్నేండ్లు ఆమెతోని ఉంటె నాకూ అంటింది.

ఆమె ఎవల్నీ ఊకెనే నమ్మింది లేదు. కేసముద్రం మార్కెట్ల మా పత్తి జోకుతుంటె కాంట మీదికెల్లి చూపు తిప్పేది కాదు. దుకాణంల నూనె తీసుకుంటె అరచేతుల ఇంత పోసుకొని వాసన చూసేది. దవాఖానల ఇచ్చిన గోలీలు ఇంకో దుకాణాయనకు చూపిచ్చి, ఆయన కూడ అదే మాటంటెనే మింగేది. ఊరంత నవ్వేది. నవ్వినా ఆమె పట్టించుకునేది కాదు. "అడిగితె పోయేదేమున్నది?" అనేది.

నా పెండ్లయి ఏండ్లు గడిచినా కడుపు పండలే. చుట్టాలు నా మొఖం చూసే తీరు మారింది. ఒకనాడు మా చిన్నత్త వాకిట్ల కూసోని, భూపాలపల్లి దిక్కు మా ఆయనకు ఇంకో పిల్ల ఉన్నదని మెల్లగ చెప్తుంటె నేను లోపల తలుపు పక్కకు నిలవడి విన్న. అత్తమ్మ ఏమంటదోనని చూస్తున్న.

"మా కోడలిదే లోపమని ఎవలు చెప్పిండ్రు?" అన్నది అత్తమ్మ.

"ఎవలు చెప్పాలె అక్కా, తెలుస్తనే ఉన్నది గద."

"నా కొడుకుల లోపం లేదని నువ్వు చూసినవా?"

చిన్నత్త మల్ల ఆ ముచ్చట ఎత్తలే. మా ఆయన సర్కారు బడిల పంతులు. తల్లి తనను పరీక్షకు రమ్మన్నదని తెలిసి కొన్నొద్దులు ఆమెతోని మాట్లాడలే. ఆఖరికి ముగ్గురం హన్మకొండల సంతానం దవాఖానకు పోయినం. లోపం ఇద్దరిలనూ కొంత కొంత ఉన్నదని తేలింది. ఆ మాట చుట్టాలందరికీ ఆమెనే చెప్పింది, సొంత కొడుకు ముందలనే. ఆ దినం నుంచి నా మీద మాట అనేటోళ్లు తగ్గిండ్రు.

ఇదంత తెలంగాణ కోసం రోడ్ల మీద జనం కూసున్న దినాల ముచ్చట. ఇయ్యాల బంద్ అంటె రేపు రైల్ రోకో. మా ఆయన కూడ సమ్మెల ఉండె, మీటింగులకు తిరుగుతుండె. దవాఖానలనేమో బయట ల్యాబుల పిండం కట్టిచ్చి కడుపుల పెట్టాలన్నరు. ఆ ల్యాబు చూసుకునే డాక్టరమ్మ గుంటూరు దిక్కామె. ఆమె యాస వినంగనే అత్తమ్మ మొఖం ముడుసుకున్నది. పైగ ఊర్లె ఎవలో చెవుల వేసిండ్రు, గా దవాఖానలల్ల ఎవనిదో తెచ్చి కలుపుతరని.

డాక్టరమ్మ మాకు వివరంగ చెప్పింది. తీసిన గుడ్లను వెంటనే కలపరట, కొన్ని గంటలు ఆగనిస్తరట. మరీ ఎక్కువసేపు ఆగితె వాటి సత్తువ తగ్గుతదట. "మగవారు ఆ పూటకు ఇక్కడ ఉండటం ముఖ్యం. బందుల రోజులు కదా, ముందే శాంపిల్ ఇచ్చేస్తే గడ్డకట్టించి దాచిపెడతాం" అన్నది.

"దాచిపెట్టింది మారదని ఏం గ్యారంటీ?" అన్నది అత్తమ్మ. "వద్దు. నా కొడుకు ఆ దినమే వచ్చి ఇస్తడు. నేను చూస్తుండంగనే."

డాక్టరమ్మ ఇంకోపారి చెప్పి చూసింది. అత్తమ్మ వినలే. మా ఆయన తలకాయ వంచుకున్నడు.

గుడ్లు పక్వానికొచ్చే ఆఖరు సూది నాకు పడ్డంక బంద్ పిలుపొచ్చింది. ఆ సూది పడితె ఇగ తారీఖు మార్చే వీలు లేదు. నేను, అత్తమ్మ ముందురోజే పోయి చుట్టాలింట్ల ఉన్నం. మా ఆయన తెల్లారంగ బండి మీద వస్తనన్నడు. టౌన్ల అడుగు పెట్టంగనే పోలీసులు ఆపి, ఉద్యమపోడని గుర్తువట్టి స్టేషన్ల కూసోబెట్టిండ్రు. ఆ సంగతి ఫోన్ల తెలిసేసరికి నన్ను బల్ల మీదికెల్లి దించి మంచం మీద పండబెట్టిండ్రు. గుడ్లు తీసుడైపోయింది.

మత్తుల ఉన్న నాకు అత్తమ్మ మొఖం ఒక్కటే యాదికున్నది. ల్యాబ్ తలుపు ముందు కుర్చీ వేసుకొని పొద్దటి సంది కూసున్నది. ఇప్పుడు లేసి నిలవడి అటు తలుపును, ఇటు మెట్లను చూస్తున్నది. పోతె తలుపు కాడ ఎవలుంటరు? పోకపోతె కొడుకునెవలు తెస్తరు? డాక్టరమ్మ బయటికొచ్చింది.

"అమ్మా, మీ అబ్బాయి వచ్చేదాకా ఇందులో ఎవరి చేయీ పడదు."

"నీ మాట నేనెట్ల నమ్మాలె?"

"నమ్మకండి. త్వరగా వెళ్లి తీసుకురండి. పొద్దు వాలేలోపు వస్తే ఆశ ఉంటుంది."

అత్తమ్మ నా దగ్గరికొచ్చి, "బిడ్డా, కండ్లు మూయకు, అటే చూడు" అని చెప్పి పోయింది. అటెన్క జరిగింది ఆమె, మా ఆయన చెప్తె తెలిసిందే.

ఆటోలు లేవు. నడిసిపోతుంటె చౌరస్తల ఆడోళ్లు రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నరు, బంద్ కోసం. ఎక్కడికి అవ్వా అని అడ్డం తగిలిండ్రు. ఎవలకూ చెప్పుకోని ముచ్చట అందరి ముందల చెప్పింది. "మా కోడలి గుడ్లు బయట తీసిపెట్టిండ్రమ్మా. నా కొడుకు పొద్దుమూకినంక వస్తె అవి ఖరాబైతయి." ఎవలూ నవ్వలేదట. ఒకామె గంటె పక్కామె చేతికిచ్చి లేసింది. ఆమెతోని ఇంకింతమంది లేసిండ్రు.

స్టేషన్ల ఎస్సై వాళ్లను మెట్ల కాడనే ఆపిండు. "పెద్దమ్మా, పొద్దటి సంది ఈడికొచ్చినోళ్లందరి పెండ్లాలు దవాఖానలనే ఉన్నరు" అన్నడు.

"నీ అనుమానం మంచిదే సారూ. నీ జాగల నేనున్నా నమ్మకపోదును. ఫోన్ చేసి అడుగు."

ఎస్సై లోపలికి పోయి కూసోని ఫోన్ చేసిండు. డాక్టరమ్మ ఏం చెప్పిందో గాని, ఆయన వింటనే లేసి నిలవడ్డడట. మా ఆయనను ఇడిసిండు, మల్ల అటే మీటింగుకు పోకుంట ఒక కానిస్టేబుల్‌ను తోడిచ్చి. దవాఖాన వరండల కానిస్టేబుల్‌ను చూసి దవాఖానోళ్లంత పరేషాన్ అయిండ్రట. అత్తమ్మ మాత్రం, "ఉండనియ్యి, సాక్షి ఉన్నట్టుంటది" అని ఆయనకు కుర్చీ వేయిచ్చింది.

అప్పటికి డాక్టరమ్మ అనుకున్న టైము దాటింది. "చేయగలిగింది చేస్తాను. ఆలస్యమైన మాట మాత్రం దాచను" అన్నది. కొన్నిటిలనే పిండం కట్టింది. వాటిని పెట్టిండ్రు. నిలవలే.

ఇంట్ల తలా ఒక మాట. పోలీసోళ్ల పాపమే అన్నడు మా మామ. అన్నీ ఉత్తయే, దవాఖానోళ్ల మోసం అన్నది చిన్నత్త. శాంపిల్ దాచవద్దన్నది తనే అని అత్తమ్మకు యాది చెయ్యాల్సిన పని లేకుండె. అన్నం కాడ చెయ్యి ఆడిచ్చుకుంట కూసునేది. ఒకనాడు పొద్దున్నే చీర మార్చుకొని, "జర నడువు" అని నన్ను తీసుకొని హన్మకొండ బస్సెక్కింది.

డాక్టరమ్మ ముందల కూసోని సూటిగ అడిగింది. "ఆలస్యం కాబట్టే పోయిందా? నేను వద్దనకపోతె నిలుసునా?"

"కావచ్చమ్మా. కాకపోనూవచ్చు. టైముకి కలిపినా నిలవనివి చూశాను, ఆలస్యంగా కలిపితే నిలిచినవీ చూశాను. మీ విషయంలో ఏది నిజమో నాకు తెలీదు."

అత్తమ్మ ఆమె మొఖాన్ని శానసేపు చూసింది. కాంట మీది ముల్లును చూసినట్టే చూసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సుల, నేను అడగకముందే అన్నది: "గీమెను నమ్మొచ్చు బిడ్డా."

"ఎట్ల అత్తమ్మా?"

"ఔనంటె నేను కుములుదును. కాదంటె నన్ను ఊకుంచెటందుకు అంటున్నదని అనుకుందును. తెల్వదన్నది. తెల్వదని అన్నోళ్లను నేను ఇంతవరకు చూల్లే."

మల్లోసారి పోదామంటె మా ఆయన ఒప్పుకోలే. ఆమెనే ఒప్పిచ్చింది. ఆ పారి డాక్టరమ్మ అడగకముందే, "ముందుగాల్నే దాచిపెట్టుండ్రి" అన్నది. అట్లని తలుపు ముందు కుర్చీ ఇడువలే. డాక్టరమ్మ అటు ఇటు పోయినప్పుడల్ల ఏం చేస్తున్నవని అడిగేది, ఆమె నిలవడి చెప్పేది. ఎవలకూ ఇసుగు రాలే.

ఆ పిండం నిలిచింది. పాప పుట్టినప్పుడు ఎత్తుకొని, కాలివేళ్లు ఒక్కొక్కటే ఒత్తి చూసి, "మా అవ్వ వేళ్లు" అన్నది. ఆ ఎండకాలం డాక్టరమ్మకు మామిడికాయ తొక్కు పంపింది. దారిల ఎవలన్న ఇప్పుతరేమోనని జాడీ మూతికి గుడ్డ కట్టి మూడు ముళ్లేసింది. డాక్టరమ్మ వాళ్ల ఊరికి మారిపోయినంక కూడ, గుంటూరు దిక్కు వానలని టీవీల చెప్తె, "ఆమె ఎట్లున్నదో కనుక్కో" అనేది.

పాపకు బడి ఈడొచ్చినంక మేం జనగామకు మారినం. అత్తమ్మ మా దగ్గరికొచ్చినన్ని దినాలు బడి ఆటోను మానిపిచ్చేది. ఆటో పిల్లగాడు ఎట్ల తోలుతడో ఆమెకు నమ్మకం లేదు. తనే పోయి తీసుకొచ్చేది. ఒకనాడు మిద్దె మీద బట్టలు తీస్తుంట చూసిన. ఎండల ఇద్దరు నడిసొస్తున్నరు. పాప బ్యాగు అత్తమ్మ నెత్తి మీద ఉన్నది, గడ్డిమోపు పెట్టుకున్నట్టు. ఒక చేత్తోని దాన్ని పట్టుకున్నది, ఇంకో చెయ్యి పాప చేతుల ఉన్నది. పాప ఆపకుండ ఏదో చెప్తున్నది. బ్యాగు జారిపోకుంట తల కదపకుండనే, ప్రతి మాటకూ అత్తమ్మ ఊకొడుతున్నది.