తేట నీళ్లు

చిన్నప్పుడు నాకు ప్రశ్నలడిగే జబ్బు ఉండేది. జబ్బనే అనేవారు మా ఇంట్లో. అయిదో తరగతితో బడి మాన్పించినా అది తగ్గలేదు సరికదా, అన్నయ్య ఏలూరు హైస్కూల్లో సైన్సు మాస్టరయ్యాక మరీ ముదిరింది. నీళ్లలో కరిగిన ఉప్పు ఎక్కడికి పోతుంది, మిణుగురుకి ఆ వెలుగు ఎక్కడిది అంటూ అన్నయ్య ప్రాణం తోడేసేదాన్ని. తెలుసుకోవడం అంటే నాకు సంబరమే గాని, అందులో భయం కూడా ఉంటుందని తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లినప్పుడు గాని తెలియలేదు.

మా అత్తవారిది కొల్లేటి ఒడ్డున, మండవల్లికి దగ్గర్లో ఓ పల్లె. నుయ్యి తవ్వితే ఉప్పునీళ్లు పడేవి. అందుకని కొల్లేటి నీళ్లే తెచ్చుకునేవాళ్లం. అవి బురదగా ఉండేవి కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు బిందె లోపలి గోడకి చిల్లగింజ అరగదీసేవారు. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా నిలిచేవి. ఆ పనిలో మా అత్తగారి తర్వాతే ఎవరైనా. మా ఇంటి నీళ్లు చూసి ఊళ్లో ఆడవాళ్లు ముచ్చటపడేవారు.

ఏడో నెలలో పుట్టింటికి బయల్దేరుతుంటే దారిలో దాహానికని ఆవిడే మరచెంబు నిండా ఆ నీళ్లు పోసి మూత బిగించి ఇచ్చారు. దోనె మీద కొల్లేరు దాటి, బండెక్కి, ఏలూరు చేరేసరికి సగం చెంబు మిగిలింది. మర్నాడు ఆదివారం. అన్నయ్య హెడ్మాస్టరుగారిని బతిమాలి బడి మైక్రోస్కోపు ఇంటికి తెచ్చాడు. ఉల్లిపొర చూపించాడు, ఈగ రెక్క చూపించాడు. మరచెంబులో నీళ్లు చూద్దామని మాత్రం నేనే అడిగాను. ఆ నేరం ఇంకెవరి మీదకీ నెట్టలేను.

గాజుపలక మీద ఒక్క బొట్టు వేసి చూశాం. అందులో ఏవేవో ఈదుతున్నాయి. ఒకటి గిరగిరా తిరుగుతోంది. ఒకటి ఇంకోదాన్ని మింగుతోంది. మొదట చప్పట్లు కొట్టాను. దారి పొడుగునా తాగింది వీటినేనని తట్టగానే, పొట్ట మీద చెయ్యి వేసుకుని కూలబడ్డాను.

"ఇవేం చెయ్యవే పిచ్చిదానా," అన్నాడు అన్నయ్య. "కలరా క్రిమి ఇంకా చిన్నది, దీనికి అందదు. నీళ్లు కాచి చల్లార్చుకుని తాగితే ఏదైనా చస్తుంది."

ధైర్యానికే చెప్పాడు పాపం. నాకు మాత్రం కనబడినవాటికన్నా కనబడనివాటి మీద భయం పట్టుకుంది.

బాబుకి అయిదో నెలలో అత్తవారింటికి తిరిగొచ్చాను. వచ్చిన రోజు నుంచీ వాడి నీళ్లు దొంగతనంగా కాచాను. మూడో రోజు దొరికిపోయాను.

"కాచిన నీళ్లు జబ్బు మనిషికమ్మా. నిక్షేపంలాంటి బిడ్డకి అవి పట్టి జబ్బుని పిలుస్తావా?" అని మా అత్తగారు గిన్నె ఎత్తి పెరట్లో పారబోశారు. వంటిల్లు ఆవిడది. వాడికి ఉగ్గు కలపడం కూడా ఆవిడ చేతి మీదే. ఉగ్గుగిన్నె వాడి పెదవికి ఆనిన ప్రతిసారీ ఆ బొట్టులో ఈదినవే గుర్తొచ్చేవి. నేను నీళ్లు తాగడం తగ్గించేశాను. దాంతో పాలూ తగ్గాయి. వాడు ఏడ్చేవాడు, ఆవిడ మళ్లీ ఉగ్గు కలిపేవారు.

ఆశ్వయుజంలో పక్క లంకలో కలరా పడింది. పొద్దున్న చేపలు తెచ్చిన మనిషి సాయంత్రానికి లేడన్నారు. ఆ రోజే అన్నయ్యకి కార్డు రాశాను, ఆ యంత్రం తీసుకుని రమ్మని.

దసరా సెలవుల్లో కొయ్యపెట్టె ఒళ్లో పెట్టుకుని, దోనె మీద వచ్చాడు అన్నయ్య. అరుగు మీద పెట్టి మా బిందెలో నీళ్లే చూపించాడు. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. ఒకావిడ కెవ్వుమంది. మా మామగారు చూసి, కండువాతో కళ్లు తుడుచుకుని, మళ్లీ చూసి, వెళ్లి కూర్చున్నారు. మా అత్తగారు వంటింట్లోంచి కదల్లేదు.

నాకు ఒళ్లు మండింది. లోపలికెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్కసారి వచ్చి చూడండి అత్తయ్యగారూ. మీరు చూడకపోతే నా బిడ్డ బతకడండీ."

"నే చూడనమ్మా. చూస్తే తెలిసిపోద్ది."

"ఏం తెలిసిపోద్దండీ?"

ఆవిడ పొయ్యి వైపు తిరిగి చెప్పారు. "మీ ఆయనకన్నా ముందు నాకు ముగ్గురు పుట్టారు. ఒక్క వారంలో ముగ్గుర్నీ తీసుకుపోయింది ఆ మాయదారి జబ్బు. దాహం దాహం అని ఏడిస్తే నేనే పోశాను నీళ్లు. ఆ వారం గింజ రెండింతలు అరగదీశాను తల్లీ. అద్దంలా ఉండేయి నీళ్లు."

పిల్లలు పోయారని విన్నాను గాని ఎలా పోయారో నాకు తెలియదు. లోకంలో ప్రతిదీ అడిగే నేను, నాలుగేళ్ల కాపురంలో ఆ ఒక్కటీ అడగలేదు. సిగ్గుతో ఆవిడ చెయ్యి వదిలేశాను. నా బిడ్డ కోసం కూడా ఇంకోసారి రమ్మనలేకపోయాను.

అందరూ వెళ్లిపోయాక ఆవిడే వచ్చారు. కొంగు బిగించుకుని, ఎలా చూడాలో అన్నయ్యని అడిగి, వంగారు. చాలాసేపు అలాగే ఉండిపోయారు. తల ఎత్తేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"కాస్తే చచ్చిపోతాయా బాబూ?"

"చచ్చిపోతాయండీ. కలరా క్రిమి కూడా చస్తుంది."

"ఎంతసేపు కాయాలి?"

"బాగా తెర్లాక కాసేపు ఉంచితే చాలండీ. అన్నం ఉడికేంతసేపు కూడా అక్కర్లేదు."

"అంతేనా?" అన్నారు ఆవిడ.

అన్నయ్య తల వంచుకుని పెట్టె సర్దుకున్నాడు. ఆవిడ లేచి వెళ్లి పెద్ద గుండిగతో నీళ్లు పొయ్యి మీదకి ఎక్కించారు.

ఆ ఏడు మా వీధిలో నాలుగిళ్లలో మనుషులు పోయారు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. బిడ్డని దక్కించుకున్నావని ఊళ్లోవాళ్లు మా అత్తగారిని మెచ్చుకునేవారు. ఆ మాట మొదలెట్టగానే ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు.