‘మనం’ అన్నందుకు

2019. మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అన్న గొడవ అక్కడ ఇంకా తేలలేదు. దాన్నే మోషన్‌గా, అంటే చర్చకు పెట్టే ప్రతిపాదనగా, రెండో సంవత్సరం వాళ్లకు ఇచ్చాను. ఎవరిది ఏ పక్షమో చీటీలు తీశాం. చీటీలో అన్యాయం ఉండదని నా నమ్మకం.

గార్ల నుంచి రోజూ రైల్లో వచ్చే సమీనాకు ‘బయటికి రావాలి’ అని వచ్చింది. ఎదుటి పక్షం ఆమె స్నేహితురాలు లలిత.

"ఏందే, బ్రిటన్ రాణివైనవా?" అంది లలిత.

"అయిన. జర జాగ్రత్తగుండు, నీ వీసా రద్దు చేస్త."

ఒక దేశం పక్షాన మాట్లాడేటప్పుడు ‘వాళ్లు’ అనకండి, ‘మనం’ అనండి, వాదనకు బలం వస్తుందని నేర్పింది నేనే. సమీనా అలాగే మాట్లాడింది. "యూనియన్ల ఉంటే మన చట్టం మన చేతుల ఉండది. మనం బయటికి పోవాలె." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాడు పొద్దున ఆమె తండ్రి యాకూబ్ వచ్చాడు. గార్లలో దర్జీ. తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఎవరో తీసిన వీడియో. అందులో ఆ చివరి రెండు వాక్యాలే ఉన్నాయి, బ్రిటన్ పేరు లేదు. మన దగ్గర కేంద్రాన్నీ యూనియన్ అనే అంటాం. తెలియనివాళ్లు వింటే, భారతదేశం నుంచి విడిపోదామంటున్నట్టే ఉంది. సమీనా తలమీది స్కార్ఫ్ మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

"గిది ఊరంత తిరుగుతున్నది సార్. నీ బిడ్డ ఏ దేశంల కెల్లి బయటికి పోతదట అని అడుగుతున్నరు."

"అది బ్రిటన్ గురించి, యాకూబ్ భాయ్. నేనే మాట్లాడమన్నా."

"మీరు చెప్తే ఇంటరు. నేను చెప్తే ఎవరింటరు? ఇగ చదువు చాలు సార్. బిడ్డ పానంతోటి ఉంటే చాలు."

నా భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆమె కూడా టీచరే. ఆమె ఉండి ఉంటే, ఆ చీటీ సమీనాకు వచ్చిందని వినగానే మార్చమనేది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆ రోజే లలితను వెంటబెట్టుకుని గార్ల వెళ్లాను. యాకూబ్ దుకాణం ముందు చేరినవాళ్లకు మోషన్ కాగితం చూపించి, అది బ్రిటన్ గురించని చెప్పాను. లలిత అందుకుంది. "ఆమె మీద కొట్లాడింది నేను. ఆమె బ్రిటన్, నేను యూరప్. అనుమానముంటే నన్నడుగుండ్రి." ఒకాయన నవ్వాడు. కొందరు నవ్వలేదు. ఆ నవ్వని ముఖాలే ఇప్పటికీ గుర్తున్నాయి.

వారం గడిచినా ఏమీ జరగలేదు. యాకూబ్ కూతుర్ని మళ్లీ పంపాడు, రోజూ తానే రైలు దాకా తోడు వెళ్తూ.

చీటీ అందరికీ ఒకటే, దానితో వచ్చే ప్రమాదం ఒకటి కాదని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు చీటీలు తీయను. ఏ పక్షం కావాలో ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాను.

ఆ నెల పరీక్షలో భారత పౌరుల ప్రాథమిక హక్కుల మీద ప్రశ్న ఇచ్చాను. అందరూ ‘మనకు ఈ హక్కులు ఉన్నాయి’ అని మొదలుపెట్టారు. సమీనా నాలుగు పేజీలు రాసింది. ఒక్క తప్పు లేదు. ఒక్క ‘మన’ కూడా లేదు.