శాసనాల గురించే మాట్లాడిన మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడని పొద్దున్నే అల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, నాయన లేస్తలేడు" అన్నాడు.  వాళ్ల ఊరు పాల్వంచ దాటి మణుగూరు వైపు వెళ్తుంటే అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఖానాపురం హవేలిలోని మా ఇంటి నుంచి అక్కడికి చేరేసరికి ఎండెక్కింది.

మర్నాడు జిల్లా పేజీలో ఒక మూలన వేశారు, డిపాజిట్ కోల్పోయిన మాజీ అభ్యర్థి మృతి అని. పోయిన మనిషి గురించి చెప్పడానికి అంతకు మించి ఏమీ దొరకలేదు వాళ్లకు. ఆ పత్రిక చదువుతూనే ముసలివాణ్ణయ్యాను కాబట్టి ఒక మాట అనే హక్కు నాకుంది. ఆ వార్త రాసినవాడు ఆయన ప్రసంగం ఒక్కటీ విని ఉండడు. నేను విన్నాను. విన్నవాటిలో సగానికి పైగా ఒప్పుకోలేదు. అందుకే ఆయన గురించి రాయవలసినవాణ్ణి నేనే అనుకుంటున్నాను.

నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. లోకం మారాలని రాసిన పుస్తకాలతో ఇల్లు నింపుకున్నాను. ఆయన తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబంవాడు, నిఖార్సైన సంప్రదాయవాది. "చట్టమంటే కాపురం లాంటిది బావగారూ. నచ్చలేదని ఏటేటా మార్చుకుంటమా?" అనేవాడు. పిల్లల పెళ్లిచూపుల్లోనే ఇద్దరం వాదనకు దిగితే, కాఫీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన మా ఆవిడ "సంబంధం కుదిరినట్టేనా?" అని అడిగింది.

ఎన్నికల్లో నిలబడతానన్నప్పుడు నవ్వాను. సంప్రదాయాన్ని కాపాడేది మేమేనని చెప్పుకునే పార్టీని టికెట్ అడిగాడు. నీ కులం ఓట్లెన్ని, ఎంత పెట్టుకోగలవు అని వాళ్లడిగారు. ఈయన శాసనమండలి ఎందుకుండాలో చెప్పడం మొదలుపెట్టాడట, ఇంట్లో పెద్దవాళ్లున్నట్టు సభకూ ఒక పెద్దల సభ ఉండాలని. టీ తాగించి పంపించేశారు. స్వతంత్రుడిగా నిలబడితే గుర్తు కత్తెర వచ్చింది. దేన్నీ కత్తిరించొద్దని ఊరూరా చెప్పే మనిషికి కత్తెర! నా పాత సహోద్యోగులు దాని మీద వారాల తరబడి నవ్వుకున్నారు. మీ వియ్యంకుడికి ఒక మర వదులైనట్టుంది అని నా ముందే అన్నారు. వాళ్లలో ఒక్కడూ తన జీతం తప్ప ఇంకే చట్టం గురించీ గొంతెత్తి ఎరగడు.

ఆయన చేసిన పొరపాటు మాత్రం చాలా విచిత్రమైనది. శాసనసభకు పోటీ చేసేవాడు శాసనాల గురించే మాట్లాడాలని నిజంగా నమ్మాడు. ఒకసారి ప్రచారానికి నేనూ వెంట వెళ్లాను, చూద్దామనే కుతూహలంతో. ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర ఒకావిడ బిందె చంకన పెట్టుకునే నిలదీసింది.

"అయ్యా, మా బోరు ఖరాబై యాడాదైతాంది. గెలిస్తే బాగు చేపిస్తవా?"

"అది పంచాయతీ పనమ్మా. నేను శాసనసభకు నిలబడ్డ."

"మరి నువ్వేం జేస్తవ్?"

"చట్టాలు చేస్త. నిజం చెప్పాల్నంటే, ఎక్కువ చేయకుండ ఆపుత."

"ఏం జెయ్యకుండ ఉండుటానికి ఓటెందుకయ్యా? గదేదో ఇంటికాడ కూసోని జేయరాదు?"

రచ్చంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు. నవ్వు ఆగాక బడి పక్క మద్యం దుకాణాలకు అనుమతిచ్చే నిబంధన మీద, జిల్లాలను ముక్కలు చేయడం మీద, ఎమ్మెల్యేలు చర్చ లేకుండానే తమ జీతాలు పెంచుకోవడం మీద తానెట్లా ఓటేస్తాడో ఒక్కొక్కటే చెప్పాడు. ఆ బిందె ఆవిడ చివరిదాకా నిలబడి వింది. జీపెక్కేముందు ఆమెతో "బోరు సంగతి సర్పంచితో మాట్లాడుత. కానీ అందుకోసమని నాకు ఓటెయ్యకు" అన్నాడు. ఆమె ఆ మాట పాటించే ఉంటుంది.

ఆయన అన్నవన్నీ మంచి మాటలని చెప్పను. ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన చట్టం వల్ల అన్నదమ్ముల ఇళ్లకు రాకపోకలు తగ్గాయనేవాడు. మా అమ్మాయి మామగారికి భయపడే రకం కాదు.

"మీ చెల్లెలు వస్తనే ఉన్నది గదా మామయ్యా?"

"అది వాటా అడగలేదు గదమ్మా."

"అవ్, అందుకే మీకు చెల్లె అంత ముద్దు."

ఆయన మజ్జిగ గ్లాసు ఎత్తి మొహం దాచుకున్నాడు. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

నాకు అంతుపట్టనిది ఒక్కటే. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదనే చట్టం, మా వైపు వన్ ఆఫ్ సెవెంటీ అంటారు, ఆయన సొంత చేనుకే అడ్డం. తండ్రి కాలంలో ఒక కోయ కుటుంబం దగ్గర తెల్లకాగితం మీద తీసుకున్న చేను అది. పట్టా లేదు, బ్యాంకులో అప్పు పుట్టదు, అమ్ముకోవడానికి లేదు. చట్టాన్ని సడలించేలా సభలో తీర్మానం పెట్టిస్తానని పెద్ద పార్టీ నాయకుడు ఊరూరా చెబుతుంటే, అదే వేదికల పక్కన నిలబడి ఈయన వద్దన్నాడు. కన్నకొడుకు, అంటే మా అల్లుడు, ఓటు వేయనన్నాడు. "ఊళ్లె అందరికీ పట్టాలొస్తయ్ నాయనా, నీ మాటల వల్ల మాకే రావు. నా పిల్లలకు ఏం జూపియ్యాలె?" అని అందరి ముందే అడిగాడు. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ ఆ ఎన్నికలయ్యేదాకా మాట్లాడుకోలేదు.

నేనూ అడిగాను. పూటకో జవాబు చెప్పాడు. తలుపు తెరిస్తే ముందు దూరేది మనం కాదు, పట్నం కంట్రాక్టరు అన్నాడు ఒకసారి. చట్టం పాతది, ఉండనీ అన్నాడు ఇంకోసారి. రెండూ నమ్మదగినవే, రెండూ పూర్తి జవాబులు కావనిపించింది.

ఒక ఏడాది కొత్త బియ్యం వచ్చిన రోజుల్లో వాళ్లింట్లో ఉన్నాను. మా అమ్మాయి అన్నం వండి ఉంచింది. ఈయన ముట్టడు, నన్నూ ముట్టనివ్వడు. ఆ చేను ఇచ్చిన కోయ కుటుంబంలోని పెద్దాయన ఇంటికి ముందు ఒక గిన్నె పోవాలి. ఆయన తిన్నాడని కబురొచ్చాకే ఈ ఇంట్లో విస్తళ్లు వేస్తారు. ఆ పెద్దాయనను ఈయన బావ అనేవాడు, మా అల్లుడు మామ అనేవాడు.

ఆకలి మీద కొంచెం విసుగ్గానే "ఎందుకిదంతా?" అని అడిగాను.

"చేను ఎవరిదో వాళ్లు ముందు తినాలె."

"చేను మీది కాదా మరి?"

"మేం దున్నుకుంటున్నం" అన్నాడు. కబురొచ్చిందేమోనని గడప వైపు చూశాడు. నేను చదివిన పుస్తకాల్లో సొంతానికీ దున్నుకోవడానికీ మధ్య ఇంత చోటు ఎవరూ వదల్లేదు.

దహనం అయ్యి, స్నానాలు చేసి అందరం ఇంటికొచ్చాం. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించరు, వియ్యాలవారు అన్నం తేవాలి. మా ఆవిడ వండించిన క్యారియర్లు లోపల పెట్టాం. అప్పటికే పట్టాలిప్పిస్తానని తిరిగిన ఆ పెద్ద పార్టీ నాయకుడు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, బతికుండగా ఈయన్ను పిచ్చోడన్న మనిషి.

"మీ నాయన పెద్దమనిషే తమ్మీ, కానీ జరిగే పనికి అడ్డం పడ్డడు" అన్నాడు మా అల్లుడితో. "పట్టాల కమిటీకి నిన్నే ముందు పెడత. ఆయన కొడుకే వచ్చిండంటే ఇగ తిరుగుండదు. ఊ అను, చాలు."

చితి ఇంకా ఆరలేదు. నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అల్లుడు నేల చూస్తున్నాడు. ఊ అంటే అంటాడు, ఇన్నేళ్లుగా అతనడిగింది అదే కదా. అంటే తప్పని కూడా నేను చెప్పలేను.

అప్పుడు వాకిట్లోకి ఆ కోయ పెద్దాయన, భార్య వచ్చారు. ఆమె చేతిలో ఆకులు కప్పిన గిన్నె. పెద్దాయన నాయకుణ్ణి దాటుకుని వచ్చి అరుగు మీద మోదుగాకు విస్తరి వేశాడు. మా అమ్మాయి లోపల మా క్యారియర్లు విప్పబోతున్న వాళ్లమ్మతో "ఆగమ్మా, వాళ్లది ముందు" అంది. వియ్యంకుణ్ణి నేను. నా వంతు తప్పింది. ఎందుకో కోపం రాలేదు.

"అల్లుడా, రా. తిను" అన్నాడు పెద్దాయన.

"ఒక్క నిమిషం తమ్మీ, మాట చెప్పి పో" అన్నాడు నాయకుడు.

మా అల్లుడూ నాయకుణ్ణి దాటుకుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. రేపు ఏ కమిటీలో కూర్చుంటాడో నాకు తెలియదు. వరండాలో కుర్చీ జరిగిన చప్పుడైంది, కారు డోరు పడింది. పెద్దాయన ఎదురుగా గొంతుక్కూర్చుని, విస్తరిలో అన్నం తగ్గినప్పుడల్లా గిన్నెలోంచి ఇంకో పిడికెడు తీసి పెడుతున్నాడు. కళ్లనీళ్లు అన్నంలో పడుతుంటే అల్లుడు తల వంచుకుని తింటూనే ఉన్నాడు, చాలు అనకుండా.