కువైట్ విమానం దిగని చోట

అప్పట్లో నేను కడపలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. మా విమానాశ్రయానికి విదేశీ విమానాలు వస్తే గిరాకీ ఎంత ఉంటుందో తేల్చే నివేదిక ఒకటి తయారవుతోంది. ఊళ్లు తిరిగి వివరాలు రాసుకొచ్చే పని నాకు అప్పజెప్పారు. వేసవి సెలవుల్లో ఫారాలు సంచిలో వేసుకుని బండి మీద బయలుదేరాను. గండికోటలో పర్యాటకులను అడిగాను. అరటి ఎగుమతి చేసే వ్యాపారులను అడిగాను. విమానం ఎక్కే అవసరం అసలు ఎవరికి ఉందో ఒంటిమిట్ట దాటి పల్లెల్లోకి వెళ్లాక తెలిసింది. అక్కడ ఏ గడప తొక్కినా కువైట్ మాటే.

అలాంటి ఒక ఇంట్లో ఆయన పరిచయమయ్యాడు. యాభై ఏళ్లుంటాయి. బోర్లు ఎండిపోయి సేద్యం దెబ్బతిన్నాక, ఆయన భార్య కువైట్‌లో ఒకరింటికి వంటమనిషిగా వెళ్లింది. ఇద్దరు ఆడపిల్లలకూ జడలు వేసి, వండిపెట్టి, బడికి పంపింది ఆయనే. నా చేతిలో ఫారం చూడగానే మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"మా ఇంటామె రెండేండ్లకొకసారి వస్తాది సార్. నెల్లాళ్లే సెలవు. మద్రాసులో దిగి బస్సులు పట్టుకోని వచ్చేసరికి ఒగ దినం పాయె. పోయేటప్పుడు ఇంగో దినం. ఈడనే దిగితే ఆ రెండు దినాలు పిల్లోల్ల కాడుంటాది గదా."

రాసుకున్నాను. బండి దాకా వచ్చి, "ఎప్పుడొస్తాది సార్ ఆ ఇమానం?" అని అడిగాడు.

నాకు తెలియదు. తెలియదనే చెప్పి ఉండాల్సింది. ఆ మొహం చూసి, "రెండేళ్లలో వస్తాదిలే అన్నా" అనేశాను.

కొన్ని నెలల తర్వాత క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది.

"సార్, ఫారం రాసుకోనిపోతిరే... ఆ ఇంటాయన్ని." ఆయన భార్య కువైట్‌లో వంటింట్లోనే కూలిపోయిందట. గుండెపోటు. "పెట్టెలో పంపిస్తాండారంట సార్, మద్రాసుకు. మీరు ఏర్పోర్టు మనిషి గదా. ఈడికే వచ్చేటట్టు ఒక మాట చెప్పండి సార్."

నేను ఏర్పోర్టు మనిషిని కాదని చెప్పడానికి నోరు రాలేదు. నేరుగా విమానాశ్రయానికి వెళ్లాను. అక్కడి అధికారి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఓపిగ్గా విన్నాడు.

"ఇక్కడికి వచ్చేవి మన దేశంలో తిరిగే చిన్న విమానాలే సార్. బయటి దేశం నుంచి మనిషి దిగాలంటే పాస్‌పోర్టులు చూసేవాళ్లుండాలి. సరుకు దిగాలంటే కస్టమ్స్ వాళ్లుండాలి, నిలవ ఉంచడానికి చల్లటి గది ఉండాలి." కాస్త ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు: "శవపేటిక కూడా సరుకు కిందికే వస్తుంది."

తప్పు ఆయనది కాదు. నమస్కారం పెట్టి బయటికొచ్చాను. అద్దాల వెనక కుర్చీలన్నీ వరసగా, శుభ్రంగా, ఖాళీగా ఉన్నాయి.

అంబులెన్సులో ఆయనతో పాటు నేనూ మద్రాసుకు వెళ్లాను. సరుకులు దింపే షెడ్డు దగ్గర పొద్దున్నించీ నిలబడ్డాం. ఒక కిటికీ దగ్గర సంతకం, ఇంకో కిటికీ దగ్గర ముద్ర. మధ్యాహ్నానికి అట్టపెట్టెల మధ్య నుంచి ఆ పొడవాటి పెట్టెను బండి మీద తోసుకొచ్చారు. పైన అంటించిన కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"ఆమేనా సార్?"

పేరు చదివాను. "ఆమేనన్నా."

"ఇంగొకసారి సరిగ్గా సూడండి సార్."

మళ్లీ చదివాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. అప్పుడు ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు.

తిరుగుదారిలో రేణిగుంట దాటాం. కోడూరు మామిడితోటలు మొదలయ్యాక, "ఈడికొస్తే ఇల్లొచ్చినట్టే అంటాండె సార్ మా ఇంటామె" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "ఈసారి కడపలోనే దిగుతాననుకునె. ఫోన్లో నేనే చెప్పినా, రెండేండ్లలో వస్తాదంట అని. శానా సంతోషపడె" అన్నాడు. నన్ను తప్పు పట్టాలని అన్న మాట కాదది. అందుకే తల ఎత్తలేకపోయాను.

ఇంటి ముందు జనం. పెద్దపిల్ల వచ్చి తండ్రిని పట్టుకుంది. చిన్నది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తల్లి వస్తుందంటే ఎప్పుడూ రోడ్డు దాకా పరిగెత్తే పిల్లట. ఎవరు పిలిచినా రాలేదు. చివరికి మేనత్త ఎత్తుకుని తీసుకొచ్చింది.

తర్వాత నివేదికకు నేనొక పేజీ రాసి పంపాను. విదేశాల్లో పోయినవాళ్లను దింపుకోవడానికి ఒక చల్లటి గది, కాగితాలు చూసిపెట్టే ఒక మనిషి, ఇంటివాళ్లు కూర్చోవడానికి కాస్త నీడ కావాలని. నివేదిక పుస్తకంగా అచ్చయి వచ్చింది. గండికోట లోయ రంగుల్లో ఉంది, పండ్ల ఎగుమతి మీద అధ్యాయం ఉంది. నా పేజీ లేదు. నివేదిక తయారుచేసినవాళ్లకు ఫోన్ చేస్తే, "పెట్టుబడి పెట్టేవాళ్లు చదివేది సార్, అందులో చావు సంగతులు బాగుండవు" అన్నారు. నేను పోట్లాడలేదు. సరేనని ఫోన్ పెట్టేశాను. ఆ 'సరే' ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

పోయిన ఏడాది రాజంపేట బస్టాండులో ఆయన కనిపించాడు. పక్కన పెద్దపిల్ల, కాళ్ల దగ్గర కొత్త సూట్‌కేసు. నర్సు చదువు అయిందట. కువైట్‌లో ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట. ఏమనాలో తోచక, "జాగ్రత్తమ్మా" అన్నాను. ఆ పిల్ల తలూపింది.

"నేను గూడా పోతాండా సార్ మద్రాసుకు," అన్నాడాయన సూట్‌కేసు ఎత్తుకుంటూ. "లోపలికి యాడిదాంక రానిస్తారో ఆడిదాంక."